జబ్బు బరువు వేరు, అంటు బరువు వేరు

జబ్బు ముదిరినవారి దరికి పోరాదు, కాస్త నలతగా వున్నవారితో ఫరవాలేదు అనే మాట మన ఇళ్ళలో తాతముత్తాతల నాటినుంచి నడుస్తున్నదే. మంచం పట్టినవాడు ప్రమాదం, లేచి తిరిగేవాడు క్షేమం అని ఒక లెక్క. 2020లోను, 2021లోను మన చెన్నపట్నపు తెలుగు కుటుంబాలు చాలా ఈ లెక్కను పట్టుకునే తమ పెద్దలను కాపాడుకోవాలని చూశాయి. కొన్ని కాపాడుకున్నాయి. కొన్నిటికి ఆ లెక్కే పెడదారి చూపించింది. ఆనాటి భయం పోయినది గాని, ఆనాటి అపోహలు కొన్ని ఇంకా మన మధ్య కాపురం చేస్తూనే వున్నాయి. అన్నదమ్ములు మాట్లాడుకోని ఇళ్ళు, ఆడబడుచు రాకపోకలు తెగిపోయిన ఇళ్ళు మనం ఎరిగినవే వున్నాయి. "వాడే తెచ్చి నాన్నకు అంటించాడు" అన్న ఒక్క మాట వాటికి మూలం. అందుచేత ఈ నెల మా శీర్షికను ఈ విషయానికి కేటాయిస్తున్నాము.

మేము వైద్యులము కాము. మెట్రిక్యులేషను చదివి, ఆఫీసులో ఫైళ్ళు కదిలిస్తూ కాలక్షేపం చేసేవారము. అయితే ఒక కాగితం పక్కన ఇంకొక కాగితం పెట్టి, రెంటికీ పొత్తు కుదిరినదా లేదా అని చూడడం మాకు వృత్తిరీత్యా అలవాటు. ఆ అలవాటుతోనే ఈ సంగతిని చూశాము.

మొదట పెద్దల మాటకు న్యాయం చేయాలి. వారు ఊరికే అనలేదు. వారి కళ్ళ ముందున్నది మశూచి. గుమ్మానికి వేపమండలు కట్టి, రోగిని చాప మీద వేరుగా పడుకోబెట్టిన రోజులు. ఆ జబ్బులో రోగికి జ్వరం రాకముందు అంటు లేదు. జ్వరం వచ్చి, నోట్లో పొక్కులు చితికి, ఒంటిమీద పొక్కులు లేచిన మొదటి వారంలోనే అంటు హెచ్చు. పొక్కులు ఎంత దట్టంగా పోస్తే ఆ మనిషి నుంచి వైరసు అంత ఎక్కువగా బయట పడేది. అప్పటికి ఆ మనిషి లేవలేని స్థితిలో వుండేవాడు. కనుక జబ్బు బరువును బట్టి అంటు బరువును అంచనా వేయడం సరిపోయింది.

ఇందులో మన పట్నానికి ఒక గొప్ప వున్నది, చాలామందికి తెలియదు. తండయారుపేట అంటువ్యాధుల ఆసుపత్రిలో డాక్టర్ ఎ. ఆర్. రావు గారు, ఇంగ్లండునుంచి డౌనీ, అమెరికానుంచి కెంపే మొదలైనవారు కలిసి 1960 ప్రాంతాలలో మశూచి రోగులను పరీక్షించారు. రోగులు పుక్కిలించి వుమిసిన నీళ్ళలోను, వారి చుట్టుపట్లను వైరసు ఏ మాత్రం వున్నదో వెదికారు. వారి ఫలితాలు 1961లోను, 1965లోను ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో అచ్చయ్యాయి. రోగి ఒంటిలోనుంచి వైరసు ఎప్పుడు, ఎంత, ఏ దారిన బయటకు పడుతున్నదన్న ప్రశ్న మన వుత్తరాది పేటల్లో కొత్తది కాదన్నమాట. దీన్నే డాక్టర్లు వైరసు విసర్జన అంటారు. జబ్బు తీవ్రత అంటే ఆ వైరసు వల్ల ఆ మనిషి పడే బాధ. ఒకటి బయటకు పోయేది, ఇంకొకటి లోపల జరిగేది. మశూచిలో రెండూ జంట ఎద్దుల మాదిరి ఒకే కాడి కింద నడిచాయి.

2003లో హాంగ్‌కాంగులో సార్స్ వచ్చినప్పుడు కూడా ఇంచుమించు అదే తీరు. రోగి శ్వాసలో వైరసు పదో రోజు ప్రాంతానికి గాని పతాక స్థాయికి చేరలేదు. ఆ సరికి రోగి ఆసుపత్రిలో వుండేవాడు. రోగులను కనిపెట్టి వేరు చేస్తే చాలు, వ్యాధి ఆగిపోయింది. అదే సంవత్సరం జులై నాటికి దాని కథ ముగిసింది.

దానికి తోబుట్టువైన కరోనా ఈ పద్ధతిని తలకిందులు చేసింది. 2020 జనవరిలో జర్మనీలో మ్యూనిక్ దగ్గర ఒక ఫ్యాక్టరీ వుద్యోగులకు ఇది అంటింది. వారిలో తొమ్మండుగురిని డాక్టర్లు రోజూ పరీక్షించారు. అందరివీ తేలిక జబ్బులే. అయినా మొదటి వారంలో వారి గొంతులో వైరసు విపరీతంగా వున్నది. ఎనిమిదో రోజు దాటిన తర్వాత ఎవరి దగ్గరా బతికివున్న వైరసు దొరకలేదు. మశూచిలో మంచమెక్కిన రోజులు ఏవో, ఇందులో మనిషి పాల ప్యాకెట్టుకు వీధిలోకి పోయి వచ్చే రోజులు అవి. అంటు గట్టిగా వుండేది జబ్బు పైకి తెలియడానికి ఒకటి రెండు రోజుల ముందునుంచి, తెలిసిన తర్వాత నాలుగైదు రోజుల వరకు. ఊపిరాడక ఆసుపత్రికి పరుగెత్తేది సాధారణంగా రెండో వారంలో. అప్పటికి గొంతులో వైరసు చాలావరకు తగ్గుముఖం పట్టి వుంటుంది.

"అయితే జ్వరం లేనివాడి దగ్గర వైరసు తక్కువ కదా?" అని అడుగుతారు. అదీ లేదు. ఇటలీలో పాదువా జిల్లాలో వో అనే చిన్న ఊరు వున్నది. 2020 ఫిబ్రవరిలో ఊరు ఊరంతా దాదాపు పరీక్ష చేశారు. అంటు తగిలినవారిలో నూటికి 42 మందికి పైగా ఏ బాధా లేదు. బాధ వున్నవారి గొంతులోను, లేనివారి గొంతులోను వైరసు పాళ్ళలో చెప్పుకోదగిన తేడా కనబడలేదు. దక్షిణ కొరియాలో చియోనన్ అనే చోట 303 మందిని ఒక శిబిరంలో వుంచి చూస్తే అక్కడా అదే తేలింది.

వీటన్నిటికంటె మాకు ఆశ్చర్యం కలిగించినది లండన్లో జరిగిన పరీక్ష. పద్దెనిమిది మొదలు ముప్పై ఏళ్ళ లోపు ఆరోగ్యవంతులు 36 మంది తమంతట తాము ముందుకు వచ్చి, ముక్కులో వైరసు చుక్కలు వేయించుకున్నారు. అందులో 18 మందికి అంటు తగిలింది. ఎవరికీ జబ్బు ముదరలేదు. 2022లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. వైరసు ఎక్కువ వున్నవారికి బాధ ఎక్కువ, తక్కువ వున్నవారికి బాధ తక్కువ అన్న పొత్తు వారికి దొరకలేదు. 2023లో ఇంకొక సంగతి ప్రకటించారు. ఆ 18 మంది చుట్టూ గాలిలోకి వచ్చిన వైరసునంతా కూడి చూస్తే, నూటికి 86 పాళ్ళు కేవలం ఇద్దరు మనుషులనుంచి వచ్చినది! ఆ ఇద్దరూ అందరికంటె ఎక్కువ బాధపడినవారు కారు. ఇంకో విశేషం ఏమంటే, గాలిలోకి వచ్చినదానిలో ఎక్కువ భాగం, ఏదో ఒక చిన్న చిహ్నం కనబడిన తర్వాతనే వచ్చినది. చిన్న చిహ్నమంటే గొంతు గరగర, ముక్కు దిబ్బడ, ఒళ్ళు బరువు. మనం "ఏమీ లేదులే, రాత్రి ఫ్యాను గాలి" అని తోసివేసే సరుకు.

ఆఫీసుల గుమ్మాల దగ్గర నుదుటికి తుపాకీ లాంటి యంత్రం గురిపెట్టి జ్వరం చూసేవారు, పాఠకులకు జ్ఞాపకం వుండే వుంటుంది. మధ్యాహ్నం పన్నెండు గంటలకు ఎండలో నడిచి వచ్చినవారిని ఆపేది. గొంతు గరగరతో వచ్చినవారిని నమస్కారం పెట్టి లోపలికి పంపేది.

ఇంతటితో జబ్బు తీవ్రతకూ వైరసుకూ సంబంధమే లేదని తేల్చివేస్తే అది మరొక పొరపాటు అవుతుంది. చైనాలో నాన్‌చాంగులో 76 మంది రోగులను పరీక్షించి 2020 మార్చిలో ఒక నివేదిక ఇచ్చారు. తీవ్రంగా జబ్బుపడినవారిలో వైరసు, తేలికగా వున్నవారికంటె 60 రెట్లు వున్నదనీ, ఎక్కువ రోజులు నిలిచినదనీ అందులో వ్రాశారు. ఒక కాగితం అలా, ఇంకొక కాగితం ఇలా. మాబోటి గుమాస్తాకు ఇక్కడ చిక్కు వచ్చి పడింది. టొరంటోలో కొందరు పరిశోధకులు ఎన్నో దేశాల లెక్కలను కలిపి చూసి 2021లో ఈ చిక్కును చాలావరకు విడదీశారు. గొంతు, ముక్కు ఒక గది. ఊపిరితిత్తులు ఇంకొక గది. పై గదిలో తీవ్రమైన జబ్బుకూ తేలిక జబ్బుకూ తేడా స్వల్పం. కింది గదిలో మాత్రం తేడా పెద్దది. తీవ్ర రోగుల ఊపిరితిత్తుల్లో వైరసు హెచ్చుగా చేరి, రోజుల తరబడి తగ్గకుండా కూర్చుంటుంది. రోగికి ప్రాణం మీదికి తెచ్చేది కింది గది. పక్కవాడికి అంటించేది ఎక్కువగా పై గది. ఆసుపత్రిలో గొంతులోకి గొట్టం దింపే డాక్టరుకు, నర్సుకు కింది గదితో కూడా ప్రమాదమే. అందుకే వారు ఆ ఎండల్లో చంద్రలోకానికి పోయేవారి మాదిరి దుస్తులు వేసుకుని చెమటలో తడిసి ముద్దయ్యారు.

నెదర్లాండ్సులో రాటర్‌డాం ఆసుపత్రిలో 129 మందిని చూసిన లెక్క కూడా దీనితో పొసుగుతున్నది. తీవ్ర రోగులలో బతికివున్న వైరసు సగటున ఎనిమిది రోజులు దొరికినది. పదిహేను రోజులు దాటితే దొరికే అవకాశం నూటికి అయిదు కంటె తక్కువ. తేలిక జబ్బువారికి ఎనిమిది తొమ్మిది రోజుల్లో తీరిపోయేది, వీరికి కొందరిలో రెండు వారాలకు పైగా సాగుతుంది.

అయితే జబ్బు ముదరడానికి వైరసొక్కటే కారణమా అంటే కాదు. 2020 జూన్‌లో ఇంగ్లండునుంచి ఒక వార్త వచ్చింది. డెక్సామెథసోన్ అనే పాత చవక మందు ఇస్తే, వెంటిలేటరు మీద వున్నవారిలో చావులు మూడింట ఒక వంతు, ఆక్సిజన్ మీద వున్నవారిలో అయిదింట ఒక వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివారికి దానివల్ల మేలు కలగలేదు. ఆ మందు వైరసును చంపేది కాదు. మన ఒంటి కాపలావాడు దొంగను తరుముతూ ఇల్లంతా ధ్వంసం చేస్తుంటే, ఆ కాపలావాణ్ణి శాంతింపజేసే మందు. కనుక రెండో వారంలో మనిషిని పడగొట్టేది చాలావరకు ఒంటిలో రేగిన మంట. వయస్సు, చక్కెర జబ్బు, గుండె జబ్బు ఆ మంటకు నెయ్యి పోస్తాయి.

ఇప్పుడు మన ఊరి సంగతికి వద్దాము. 2020 ఏప్రిల్ నెలాఖరులో కోయంబేడు మార్కెట్టులో ఈ అంటు బయటపడినది. మే 5వ తేదీన మార్కెట్టు మూసివేశారు. కూరగాయల టోకు వ్యాపారం తిరుమళిసైకి తరలించారు. ఆనాడు పరీక్షలో అంటు వున్నదని తేలిన కూలీలు, వ్యాపారులు, లారీ డ్రైవర్లలో చాలామందికి జ్వరం లేదు, దగ్గు లేదు. మూటలు మోశారు, బేరాలు ఆడారు, లారీ ఎక్కి తమ ఊళ్ళకు పోయారు. కడలూరు, విల్లుపురం, అరియలూరు జిల్లాలకు అది అలాగే చేరింది. అటు మన చిత్తూరు, నెల్లూరు జిల్లాలకు కూడా కోయంబేడునుంచే పోయిందని ఆంధ్ర అధికారులు ఆనాడు చెప్పారు. టమాటా బుట్టతోపాటు కనబడని బుట్ట ఒకటి పోయింది. అందరూ జ్వరంతో మూలుగుతూ వున్నట్లయితే ఒక్క లారీ కదిలేది కాదు. జబ్బు తేలిక కావడమే అంటుకు వాహనమైంది.

తమిళనాడు, ఆంధ్ర రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖల లెక్కలు పట్టుకుని డాక్టర్ రమణన్ లక్ష్మీనారాయణ్, మరికొందరు ఒక పెద్ద పరిశోధన చేశారు. అందులో మన రాష్ట్ర ఆరోగ్య కార్యదర్శిగా వుండిన జె. రాధాకృష్ణన్ గారు కూడా వున్నారు. 2020 సెప్టెంబరు 30న సైన్స్ పత్రికలో అది ప్రచురితమైంది. అంటు తగిలిన 84,965 మందిని, వారితో మెలిగిన 5,75,071 మందిని వెదికి పట్టుకుని చూసిన లెక్క అది. ఇంత పెద్ద జాబితాను ఇల్లిల్లూ తిరిగి తయారుచేసిన చిన్న వుద్యోగులకు దండం పెట్టవలసిందే. గుమాస్తాలుగా ఆ శ్రమ మాకు తెలుసు.

ఆ లెక్కలో ఏమి తేలింది? అంటు తగిలినవారిలో నూటికి 71 మంది, పరీక్షకు దొరికిన తమవారిలో ఒక్కరికి కూడా అంటించలేదు. నూటికి 8 మంది మాత్రం, కొత్తగా అంటిన వాటిలో నూటికి 60కి కారకులయ్యారు. దగ్గరగా మెలిగినవారిలో కూడా నూటికి పదకొండుగురికి లోపే అంటినది. లండన్లో ఇద్దరు మనుషుల సంగతి, ఇక్కడ ఎనిమిది మంది సంగతి పక్కపక్కన పెట్టి చూడండి. అంటించడమనేది అందరూ సమానంగా చేసే పని కాదు. ఆ రోజు ఎవరి ముక్కులో వైరసు ఎక్కువగా వున్నదో, ఆ రోజు వారు ఏ మూసిన గదిలో ఎంతమందితో కూర్చున్నారో, ఆ రెండూ కలిసిరావాలి.

అదే పరిశోధనలో ఇంకొక అంకె వున్నది. పరీక్షలో తేలినవారిలో అయిదు మొదలు పదిహేడేళ్ళ పిల్లలు చనిపోయినది నూటికి 0.05. అంటే పది వేలమందికి అయిదుగురు. ఎనభై అయిదేళ్ళు దాటినవారు నూటికి 16.6. వైరసు అదే. మనుమడి నుంచి తాతకు పోతే మనుమడికి రెండు రోజుల ముక్కు చీదుడు, తాతకు ఆసుపత్రి. తేలికగా వున్నవాడి నుంచి తేలిక జబ్బు, తీవ్రంగా వున్నవాడి నుంచి తీవ్ర జబ్బు అంటుతుందని మనవాళ్ళు ఇప్పటికీ అనుకుంటారు. అప్పు ఇచ్చినవాడి ఆస్తిని బట్టి కాదు, తీసుకున్నవాడి స్థితిని బట్టి కదా ఆ అప్పు భారమయ్యేది!

ఇక ఆనాటి పరీక్ష చీటీల గొడవ. ముక్కులో పుల్ల పెట్టి తీసిన తడిని యంత్రంలో పెడితే, అందులోని వైరసు ముక్కను ఒక్కొక్క చుట్టుకు రెండింతలు చేస్తూ పోతుంది. ఎన్నో చుట్టుకు కనబడిందో ఆ అంకెను సీటీ అంటారు. అంకె చిన్నదయితే వైరసు ఎక్కువ. మూడు చుట్లు, కొద్దిగా పైన తేడా వుంటే పది రెట్లు తేడా అని లెక్క. ఈ అంకె ప్రయివేటు లేబొరేటరీల చీటీలమీద కనబడగానే మన ఇళ్ళలో అది పరీక్ష మార్కుల మాదిరి అయిపోయింది. "మా అల్లుడికి పద్ధెనిమిది, ఏమవుతుందో" అని ఏడ్చినవారున్నారు. "నాకు ముప్పై రెండు, ఏమీ కాదు" అని మందు మానివేసినవారున్నారు. జబ్బు తీవ్రతకు ఈ అంకెకు నేరుగా ముడిపెట్టడానికి నమ్మదగిన ఆధారం లేదని భారత వైద్య పరిశోధనా మండలి 2020 ఆగస్టులోనే ప్రకటించింది. పుల్ల లోతుగా పెట్టారా, పైపైన తిప్పారా, జబ్బు మొదలై ఎన్నాళ్ళయింది, ఏ యంత్రం అన్నదాన్ని బట్టి కూడా ఆ అంకె మారుతుంది. అయిదో రోజు ముప్పై రెండు అంటే వైరసు దిగిపోతున్నదని కావచ్చు. మొదటి రోజు ముప్పై రెండు అంటే ఎక్కుతున్నదని కావచ్చు. ఆ చీటీలో ఎక్కే మెట్లా దిగే మెట్లా అన్నది వ్రాసి వుండదు.

ఆ పరీక్షకు ఇంకొక గుణం వున్నది. బతికివున్న వైరసుకు, చచ్చిన వైరసు ముక్కకు దానికి తేడా తెలియదు. పెళ్ళి అయిన మర్నాడు వీధిలో ఎంగిలి విస్తళ్ళు చూసి, లోపల ఇంకా పంక్తి సాగుతున్నదని అనుకున్నట్టు. గొంతులో ఈ ముక్కలు సగటున 17 రోజులు దొరికాయి. ఒకరికి 83 రోజుల వరకు దొరికాయి. తొమ్మిదో రోజు తర్వాత బతికివున్న వైరసు దొరికినట్టు ఆనాటికి వచ్చిన పరిశోధనల్లో లేదు. 2020 చివర ఈ లెక్కలన్నిటిని కూర్చి ప్రకటించారు. కాని కేంద్ర ప్రభుత్వం అంతకు ముందే, 2020 మే 8న, తన నిబంధన మార్చింది. తేలిక జబ్బువారిని, చిహ్నాలు మొదలై పది రోజులయి, మూడు రోజులుగా జ్వరం లేకపోతే, మళ్ళీ పరీక్ష లేకుండానే ఇంటికి పంపవచ్చునన్నది. అంతకు ముందు వరకు పరీక్షలో రెండు సార్లు లేదని తేలాలి. తీవ్రంగా జబ్బుపడినవారికి మాత్రం కోలుకున్న తర్వాత ఒకసారి పరీక్ష వుంచారు. పై లెక్కలతో సరిగా పొసిగే నిబంధన.

కాని మన వీధులు నిబంధనలు చదవవు. పదిహేను రోజులయి, లక్షణంగా తిరుగుతున్న మనిషిని కూడా "ఇంకో పరీక్ష చేయించుకుని కాగితం చూపించు" అని అపార్టుమెంటు లిఫ్టు ఎక్కనివ్వలేదు. ఇంటి ముందు తగరపు రేకులు కొట్టి, గోడకు కాగితం అతికించిన కాలమది. ఆ రేకులు కొట్టే సరికి లోపలి మనిషి నుంచి అంటు చాలావరకు దాటిపోయి వుండేది. ముందు నాలుగు రోజులు గొంతు గరగరతో అందరితో కలిసి తిరిగినప్పుడు మాత్రం ఎవరూ అడగలేదు.

అన్నిటికంటె అన్యాయం చనిపోయినవారికి జరిగింది. 2020 ఏప్రిల్‌లో నెల్లూరు నుంచి వైద్యానికి వచ్చి ఇక్కడ కన్నుమూసిన ఒక డాక్టరును అంబత్తూరు శ్మశానంలో దహనం చేయనివ్వలేదు. వారం తిరగకుండా, రోగుల మూలంగానే అంటు తగిలి పోయిన ఒక న్యూరోసర్జనును కీల్పాక్కంలో ఖననం చేయనివ్వక, వేలంగాడుకు తీసుకుపోతే అక్కడ కూడా గుంపు చేరి అంబులెన్సు మీద దాడి చేసింది. ఆ రాత్రి ఆయన తోటి డాక్టరు పార పట్టుకుని మట్టి వేయవలసి వచ్చింది. జబ్బు బరువే అంటు బరువు అన్న లెక్క చివరికి ఎక్కడికి పోతుందో ఇక్కడ కనబడుతున్నది. ఆ లెక్క ప్రకారం చచ్చినవాడి కంటె జబ్బు ముదిరినవాడు లేడు గదా! కాని శవం దగ్గదు, తుమ్మదు, మాట్లాడదు. దాన్ని కడిగి చుట్టేవారికి జాగ్రత్త కావాలి. వీధిలో నిలబడినవారికి దానివల్ల వచ్చేది ఏమీ లేదు. ఆ గుంపులో ఒకరినొకరు రాసుకుని అరుస్తున్నవారి నోళ్ళనుంచి వచ్చే ప్రమాదం అంతకంటె ఎక్కువ. ఆ నెలలోనే ప్రభుత్వం ఇలా అడ్డుపడేవారికి జైలు శిక్ష వేసే ఆర్డినెన్సు తెచ్చింది.

ఇప్పుడు మన ఇళ్ళలో మిగిలిన తగాదాకు వస్తాము. పెద్దాయన పోయారు. ఆ వారంలో చిన్నకొడుకు దగ్గాడు. కనుక చిన్నకొడుకు తెచ్చాడు అని పెద్దకోడలు అన్నది. ఆ మాటతో చిన్నకొడుకు తద్దినానికి కూడా వేరే కుంపటి పెట్టుకున్నాడు. ఇటువంటి ఇళ్ళు పురసవాక్కంలో వున్నాయి, పెరంబూరులో వున్నాయి. లెక్క చూద్దాము. అంటు తగిలిన తర్వాత చిహ్నాలు కనబడడానికి ఒకరికి రెండు రోజులు, ఒకరికి అయిదు రోజులు, ఒకరికి పది రోజులు పట్టవచ్చు. కాబట్టి మొదట దగ్గినవాడే మొదట తెచ్చినవాడు అనడానికి లేదు. పెద్దకోడలికి ఏ చిహ్నమూ లేకుండానే అంటు వచ్చి పోయి వుండవచ్చు. ఆవిడ గొంతులో వైరసు చిన్నకొడుకు గొంతులోదానికి తీసిపోకపోవచ్చు. మందుల షాపుకు పోయి వచ్చిన ఆ పెద్దాయనే తెచ్చి, తక్కినవారికి పంచి వుండనూ వచ్చు. ఇంటిల్లిపాదికి వైరసు జన్యువులు చదివించి, తేదీలు వేసి వుంటే తప్ప ఏ డాక్టరూ ఫలానావారని వేలు చూపించలేడు. చదివించినా చాలా సార్లు చూపించలేడు. డాక్టరు చూపించలేని వేలు మనం చూపిస్తున్నాము. పై 71 మంది లెక్క కూడా మరవకండి. దగ్గినవాడు ఎవరికీ అంటించని వాడయి వుండడానికే పాళ్ళు ఎక్కువ. ఆ చిన్నకొడుకును తద్దినానికి పిలవడానికి ఇంతకంటె ఆధారం ఏమి కావాలో మాకు తెలియదు.

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర స్థితి ముగిసినదని ప్రకటించింది. వైరసు మాత్రం ఎక్కడికీ పోలేదు, జలుబుల గుంపులో చేరిపోయింది. టీకాలు వేసుకున్నవారికి కూడా అంటు తగులుతుంది. మొదటి రోజుల్లో గొంతులో వైరసు వేసుకోనివారితో ఇంచుమించు సమానంగానే వుంటుంది గాని, త్వరగా దిగిపోతుంది. జబ్బు ముదరడం మాత్రం బాగా తగ్గింది. కనుక ఇంట్లో ఎనభై దాటిన బామ్మగారు వుంటే, చూడవలసినది మంచమెక్కినవారిని కాదు. కాలేజీ నుంచి గొంతు గరగరతో వచ్చి, "నాకేమీ లేదు బామ్మా" అని పక్కన కూర్చునే మనుమణ్ణి. ఆ మొదటి నాలుగైదు రోజులు మాస్కు, వేరే గది, తెరిచిన కిటికీ. వేరే గది లేని ఇల్లయితే కిటికీ, మాస్కు. కొట్టులో అమ్మే పొడులు, కషాయాలు తాగితే తాగండి, కిటికీ మాత్రం మూయకండి.

ఒకే ఒక మినహాయింపు చెప్పి విరమిస్తాము. కాన్సరు మందులు వాడేవారు, కిడ్నీ మార్పించుకుని రోగనిరోధక శక్తిని అణచే మాత్రలు మింగేవారు మన సభ్యుల ఇళ్ళలో కొందరున్నారు. పది రోజుల లెక్క వారికి వర్తించదు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో రక్తకాన్సరు వున్న 71 ఏళ్ళ స్త్రీ ఒకామెకు 2020లో ఈ అంటు తగిలింది. ఆమెకు దీని బాధ ఒక్కరోజు కూడా తెలియలేదు. దగ్గు లేదు, జ్వరం లేదు. ఆమె ముక్కులో బతికివున్న వైరసు 70 రోజుల వరకు దొరికింది. అటువంటివారు ఇంట్లో వుంటే ఎన్నాళ్ళు వేరుగా వుండాలన్నది కాలెండరు చూసి కాక, వారికి మందులు ఇచ్చే డాక్టరును అడిగి తేల్చుకోవాలి.